రిగ్లీ ఫీల్డ్‌లో బేస్‌బాల్ చూడ్డానికి షికాగో వస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెల రాగానే మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. డల్లాస్‌లో ఉండే తమ్ముడి వరస వాడు, న్యూజెర్సీ స్నేహితులు, గుంటూరు నుంచి దిగిన అమ్మానాన్నల్ని ఎక్కడ తిప్పాలో తెలీక తల పట్టుకున్న ఆఫీసు వాళ్ళు, అందరిదీ ఒకటే మాట: "షికాగో వస్తున్నాం, కబ్స్ ఆట ఒకటి చూద్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేయమంటావ్?" కబ్స్ అంటే షికాగో బేస్‌బాల్ జట్టు, వాళ్ళ సొంత మైదానమే ఈ రిగ్లీ ఫీల్డ్. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి, అన్నీ వరసగా చదవక్కర్లేదు.

## రావాలా వద్దా అనే దశ

మాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు, అక్కడ కూర్చుంటే అర్థమవుతుందా?

అవుతుంది, క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇంకా తొందరగా అవుతుంది. రెండు జట్లు, 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు అవుటైతే అవతలి వాళ్ళ వంతు. మనకి విచిత్రంగా అనిపించేవి రెండున్నాయి. ఒకటి, బంతి సరైన హద్దుల్లోకి వెళ్తే పరిగెత్తి తీరాలి, "వద్దులే, నిలబడతా" అనడానికి లేదు. రెండోది, వికెట్ కీపర్ తల మీదుగా వెనక్కి కొట్టిన బంతికి ఇక్కడ పరుగులు రావు, అది ఫౌల్. చివర్న ఉన్న రెండు ఎత్తైన పసుపు స్తంభాల మధ్య నుంచి గోడ దాటితే హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కాకపోతే బేస్‌ల మీద, అంటే పరుగు కోసం వరసగా తాకుతూ తిరగాల్సిన మూలల దగ్గర, ఎంతమంది ఉంటే అన్ని పరుగులు కలుస్తాయి. ఇంతే తెలుసుకుని వెళ్ళండి, మిగతాది పక్క సీటు పెద్దాయన చెప్తాడు. "ఇదే మొదటిసారి" అని ఒక్క మాట అంటే చాలు, వద్దన్నా ఆపడు.

అమెరికాలో ఇన్ని స్టేడియాలుండగా ఇదే ఎందుకు?

1914లో కట్టింది కాబట్టి. మేజర్ లీగ్‌లో (ఎం.ఎల్.బి., అమెరికాలో పెద్ద బేస్‌బాల్ లీగ్) దీనికన్నా పాతది బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ ఒక్కటే, అది 1912 నాటిది. కానీ నా కారణం వేరే. చాలా స్టేడియాలు పార్కింగ్ స్థలాల సముద్రం మధ్యలో ఉంటాయి, రిగ్లీ మాత్రం ఇళ్ళ మధ్యలో ఉంది. రోడ్డవతలి మేడల మీద మెట్లు కట్టి టికెట్లు అమ్ముతారు, గోడ దాటిన బంతి కోసం వేవ్‌లాండ్ వీధిలో గ్లవ్ పెట్టుకుని మనుషులు కాచుకుని ఉంటారు. మన ఊళ్ళో కోనేటి చుట్టూ బజారు ఉన్నట్టు దీని చుట్టూ ఒక పేట ఉంది. ఆట అర్థం కాకపోయినా ఆ పేట నచ్చుతుంది.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

సీజన్ మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు చివరిదాకా ఉంటుంది, 162 ఆటల్లో 81 సొంత ఊళ్ళో. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఎప్పుడైనా రండి. ఏప్రిల్‌లో టికెట్లు చవగ్గా దొరుకుతున్నాయని వచ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది, మిషిగన్ సరస్సు మీంచి గాలి కొడితే స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకున్నా వణుకే. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: ఫోటోల్లో పచ్చగా కనిపించే ఆ ఐవీ తీగల గోడ ఏప్రిల్‌లో ఎండు పుల్లల్లా ఉంటుంది. ఆకు రావాలంటే మే మధ్య దాకా ఆగాలి. జులై మధ్యలో ఆల్‌స్టార్ విరామం ఉంటుంది, ఆ నాలుగు రోజులు లీగ్ ఆటలు ఉండవు, చూసుకోకుండా ఫ్లైట్ బుక్ చేసుకుంటే అంతే సంగతులు.

ముందు ఫ్లైట్ కొనాలా, ఆట టికెట్ కొనాలా?

షెడ్యూల్ చూసి, ఫ్లైట్ కొని, తర్వాత టికెట్. ఒక జట్టు ఊరికొస్తే మామూలుగా మూడు రోజులు వరసగా ఆడుతుంది కాబట్టి శుక్ర, శని, ఆదివారాలు ఊళ్ళో ఉండేలా చూసుకుంటే ఏదో ఒకటి కుదురుతుంది. చూడాల్సిందల్లా ఆ వారం కబ్స్ ఇంట్లో ఉన్నారా, ఊరు తిరుగుతున్నారా అన్నదే.

ట్రిప్‌లో ఆటని ఏ రోజు పెట్టుకోవాలి?

ఊళ్ళో దిగిన మర్నాడు. చివరి రోజు మాత్రం వద్దు. ఈ స్టేడియానికి కప్పు లేదు, వానొస్తే మైదానం మీద పట్టా కప్పి గంటలకొద్దీ ఆగుతారు, లేదా వాయిదా వేస్తారు. వాయిదా పడితే మీ టికెట్ కొత్త తేదీకి పనికొస్తుంది, మీరు అప్పటికి ఊళ్ళో ఉండరు. ఒకసారి మా బాబాయి వాళ్ళ కోసం ఆఖరి రోజు టికెట్లు తీసి ఈ దెబ్బ తిన్నాను. మూడో ఇన్నింగ్స్‌లో మొదలైన వాన ఆగలేదు, రెండు గంటలు స్టాండు కింద నిలబడి, బాబాయి మాటిమాటికీ వాచీ చూసుకుంటుంటే ఆట సంగతి మర్చిపోయి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాం. ఆయన దృష్టిలో బేస్‌బాల్ అంటే ఇప్పటికీ తడి టార్పాలిన్.

## టికెట్ల దశ

టికెట్ ఎంత ఉంటుంది?

ఒక ధర అంటూ లేదు. ఎవరితో ఆట, ఏ వారం, ఏ రోజు అన్నదాన్ని బట్టి రోజురోజుకీ మారుతుంది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ వస్తే పాత పగ కాబట్టి ఎక్కువ, షికాగోలోనే ఉన్న రెండో జట్టు వైట్ సాక్స్‌తో అయితే ఇంకా ఎక్కువ, వేసవి శనివారాలు ఎప్పుడూ ఎక్కువే. మంగళ, బుధవారాల్లో పెద్దగా పేరులేని జట్టు వచ్చినప్పుడు చూడండి, అదే సీటు సగానికి సగం తక్కువలో దొరకడం నేను చాలాసార్లు చూశాను. మనం చూడ్డానికొచ్చింది స్టేడియం కాబట్టి అవతలి జట్టు ఎవరైతే ఏంటి. ధర పోల్చేటప్పుడు ఫీజులు, పన్నులు కలిపిన మొత్తమే చూడండి.

ముందే కొనాలా, చివరి నిమిషం దాకా ఆగాలా?

ఇద్దరైతే ఆగండి, ఆరుగురైతే ఆగొద్దు. కొన్న టికెట్లు తిరిగి అమ్ముకునే స్టబ్‌హబ్, సీట్‌గీక్ లాంటి సైట్లలో ఆట దగ్గరపడేకొద్దీ మామూలు రోజుల టికెట్లు దిగుతాయి, కానీ పక్కపక్కన ఆరు సీట్లు చివర్లో మిగలవు. అమ్మానాన్నలు ఒక చోట, పిల్లలు ఇంకో చోట కూర్చోవాల్సి వస్తే మిగిలిన డబ్బులకి విలువుండదు. టికెట్లన్నీ ఫోన్‌లోనే, ఎం.ఎల్.బి. బాల్‌పార్క్ యాప్‌లోకి వస్తాయి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తారు, నెట్ మొరాయిస్తుంది, ఇంటి దగ్గరే ఫోన్ వాలెట్‌లో వేసుకుని బయల్దేరండి.

ఏ సీట్లు తీసుకోమంటావ్? స్తంభాలు అడ్డొస్తాయట కదా?

వస్తాయి. వందేళ్ళ కట్టడం, పై అంతస్తుని ఇనుప స్తంభాలే మోస్తున్నాయి. 200 నంబర్ల సెక్షన్లలో వెనక వరసలు తీసుకుంటే సరిగ్గా పిచర్‌కీ (బంతి వేసేవాడు) మీకూ మధ్య స్తంభం నిలబడొచ్చు, పైగా పై అంతస్తు అంచు అడ్డొచ్చి ఎత్తుగా లేచిన బంతి కనిపించదు. అదే 200ల్లో ముందు వరసలైతే నీడా ఉంటుంది, ఆటా కనిపిస్తుంది, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. 300, 400 సెక్షన్లు పైన ఉంటాయి, చాలా ఎక్కాలి, కానీ మైదానం మొత్తం అరచేతిలో పెట్టినట్టుంటుంది. కబ్స్ ఆటగాళ్ళు కూర్చునేది మూడో బేస్ వైపు, వాళ్ళని దగ్గరగా చూడాలంటే అటు తీసుకోండి.

బ్లీచర్స్ అంటే ఏంటి, ఫ్యామిలీతో వెళ్ళొచ్చా?

మైదానం అవతలి గోడ మీద, ఐవీ తీగలకి సరిగ్గా పైన ఉండే బెంచీలు. మన సినిమా హాళ్ళలో నేల టికెట్ హుషారు గుర్తుంటే అదే ఇది. సీటు నంబర్ ఉండదు, ముందొచ్చినవాళ్ళు ముందు కూర్చుంటారు, నీడ లేదు, బీరు ఎక్కువ, నోళ్ళు పెద్దవి. అవతలి జట్టువాడు కొట్టిన హోమ్ రన్ బంతి మీ చేతికొస్తే తిరిగి మైదానంలోకి విసిరేయాలి, అది అక్కడి ఆచారం, విసిరేదాకా వేలమంది అరుస్తూనే ఉంటారు. కుర్రాళ్ళ బ్యాచ్ అయితే తప్పకుండా వెళ్ళండి. అత్తగారిని మాత్రం తీసుకెళ్ళకండి.

మధ్యాహ్నం ఆటా, రాత్రి ఆటా?

మధ్యాహ్నం ఆట, నిస్సందేహంగా. ఈ స్టేడియంలో 1988 దాకా లైట్లే లేవు, ఆ ఏడాది ఆగస్టు 8న మొదటిసారి లైట్లు వేసి ఆడితే వాన వచ్చి ఆట ఆగిపోయింది, లెక్కలోకి వచ్చిన మొదటి రాత్రి ఆట మర్నాడు జరిగింది. ఇప్పటికీ రాత్రి ఆటలు ఇన్నే ఆడాలని నగరం హద్దు పెట్టింది, అందుకే ఇక్కడ పగటి ఆటలు మిగతా ఊళ్ళకన్నా ఎక్కువ. పగటి ఆటలు ఎక్కువగా 1:20కి మొదలవుతాయి, నాలుగున్నరకల్లా బయటపడతారు, సాయంత్రం మీ చేతిలో ఉంటుంది. ఎండకి టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు.

## ఊళ్ళో దిగాక

హోటల్ స్టేడియం పక్కనే తీసుకోవాలా?

అక్కర్లేదు. ఎదురుగానే హోటల్ జాకరీ ఉంది, బాగుంటుంది, కానీ ఆట రోజుల్లో రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్ రైలు స్టేషన్‌కి నడిచేంత దూరంలో గది చూసుకోండి. మిగతా రోజులు చూడాల్సినవన్నీ అటే ఉన్నాయి.

ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి ఎలా రావాలి? అడిసన్ స్టేషన్‌లో దిగమన్నారు...

ఆగండి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఓహేర్ నుంచి వచ్చేది బ్లూ లైన్. ఆ లైన్‌లో "అడిసన్" అని ఒక స్టేషన్ ఉంది. స్టేడియం పక్కనున్నది కూడా "అడిసన్" స్టేషనే, కానీ అది రెడ్ లైన్‌ది. రెండింటికీ మధ్య మూడు మైళ్ళ దూరం. చాలదన్నట్టు బ్రౌన్ లైన్‌లో మూడో అడిసన్ ఉంది, అది దాదాపు మైలు దూరం. మూడూ ఒకే పొడుగాటి వీధి మీద ఉన్నాయి కాబట్టి మూడింటికీ ఆ వీధి పేరే. మొదటిసారి నేను మా నాన్నని వెంటేసుకుని బ్లూ లైన్ అడిసన్‌లో దిగాను. హైవే మధ్యలో ప్లాట్‌ఫాం, అటూ ఇటూ రయ్యిమని కార్లు, స్టేడియం జాడ లేదు. నాన్న చుట్టూ చూసి "ఏరా, ఇదేనా ఆ చారిత్రక మైదానం?" అన్నారు. అలా దిగినా కంగారు పడకండి, తూర్పుకి వెళ్ళే 152 నంబర్ బస్సు ఎక్కితే తిన్నగా స్టేడియం దగ్గర దింపుతుంది. సామాన్లతో అయితే ముందు డౌన్‌టౌన్ వెళ్ళండి, జాక్సన్ స్టేషన్‌లో బ్లూ నుంచి రెడ్‌కి లోపల్నుంచే నడిచి మారొచ్చు. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, టికెట్ కౌంటర్ వెతుక్కోనక్కర్లేదు.

మిగతా రెండు రోజులు ఏం చూడాలి?

నన్నడిగితే ఒక్కటి తప్పనిసరి, నది మీద భవనాల గురించి చెప్తూ తిప్పే పడవ. గంటన్నర పడుతుంది, మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తారు. మిలీనియం పార్కులో అందరూ "బీన్" అనే ఆ అద్దం గింజ దగ్గర ఫోటోలు ఎలాగూ దిగుతారు. దాని పక్కనే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు సర్వమత మహాసభలో మాట్లాడింది ఆ భవనంలోనే. మా నాన్నకి ఊరు మొత్తంలో గుర్తుండిపోయింది అదే, లోపలికి వెళ్ళకముందు మెట్ల దగ్గర చెప్పులు విప్పబోయారు. పిల్లలుంటే లింకన్ పార్క్ జూ ఉచితం. బాలాజీ గుడి అరోరాలో, రాముడి గుడి లెమాంట్‌లో ఉన్నాయి, రెండూ ఊరి బయట, కారు కావాలి, ఆట రోజు మాత్రం పెట్టుకోకండి.

మన భోజనం ఎక్కడ దొరుకుతుంది?

డెవాన్ అవెన్యూకి వెళ్ళండి. రెడ్ లైన్‌లో ఉత్తరానికి లొయోలా స్టేషన్ దాకా వెళ్ళి 155 బస్సు ఎక్కాలి. 1974లో మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు పెట్టింది ఈ వీధిలోనే. ఇక్కడ హైదరాబాదీలు చాలా కాలంగా ఉన్నారు, బిర్యానీ విషయంలో మీరు గొడవపడినా గొడవకి ఎదురు నిలబడే మనిషి దొరుకుతాడు. మధ్యాహ్నం ఆటైతే అది అయ్యాక రాత్రి భోజనానికి అటే పోవచ్చు, స్టేడియం నుంచి ఎదురు ప్రయాణం కూడా కాదు.

## ఆట రోజు

కారులో వెళ్తే పార్కింగ్ దొరకదా?

దొరుకుతుంది, కానీ టికెట్ డబ్బులంత అక్కడా పెట్టాలి. రాత్రి ఆటలప్పుడు చుట్టుపక్కల వీధుల్లో ఆ పేట వాళ్ళ పర్మిట్ లేని కార్లని లాక్కెళ్ళిపోతారు. వేరే ఊరి నుంచి కారులో వచ్చినా, ఎక్కడో రైలు స్టేషన్ దగ్గర పెట్టి రెడ్ లైన్ ఎక్కండి.

ఎంత ముందు చేరుకోవాలి?

గంటన్నర ముందు. క్లార్క్, అడిసన్ వీధుల మూల మీద ఎర్ర బోర్డు కింద ఫోటోకి క్యూ ఉంటుంది, పక్క ఆవరణలో ఎర్నీ బ్యాంక్స్, ఇంకా పాత ఆటగాళ్ళ విగ్రహాలున్నాయి. స్టేడియం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి లోపలికి వెళ్ళండి, ఒకసారి బయటికొస్తే మళ్ళీ రానివ్వరు.

పులిహోర తీసుకెళ్ళొచ్చా?

నవ్వకండి, ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మనం తినే మేరకి తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, క్యాన్లు, మద్యం ఒప్పుకోరు, నీళ్ళ బాటిల్ సీలు తీయకుండా ఉండాలి. సంచీ చిన్నదే పట్టుకెళ్ళండి, సైజుల రూలు మారుతుంటుంది కాబట్టి ఆ వారం క్లబ్ సైట్లో ఒకసారి చూసుకోండి. మా ఆవిడ చిన్న జిప్‌లాక్ కవర్లలో మనిషికొకటి కట్టి, చెంచాలు పెట్టి ఇస్తుంది. గేటు దగ్గర ఒకావిడ కవరు ఎత్తి వెలుగులోకి పెట్టి పసుపు రంగు అన్నం కేసి చూసి, "ఇదేంటో గానీ వాసన బాగుంది" అని వదిలేసింది.

శాకాహారులు లోపల ఏం తినాలి?

పిజ్జా, నాచోస్, ఫ్రైస్ ఉంటాయి. కానీ అసలు తినాల్సింది తొక్కతో ఉన్న ఉప్పు వేరుశనక్కాయలు, కాళ్ళ కిందే తొక్కలు పడేస్తూ ఆట చూస్తారు, ఎవరూ ఏమీ అనరు. మాంసం తినేవాళ్ళు షికాగో హాట్ డాగ్ తినండి, దాని మీద కెచప్ మాత్రం అడగకండి, ఈ ఊళ్ళో అది పెద్ద తప్పు. బీరు కొనాలంటే గుర్తింపు కార్డు చూపించాలి, జుట్టు నెరిసిన మా బాబాయిని కూడా అడిగారు, పాస్‌పోర్ట్ హోటల్లో వదిలేసి నిమ్మరసం తాగారు. డబ్బులు కట్టడానికి బ్యాంకు కార్డు దగ్గరుంచుకోండి, నోట్లు పనికిరావు.

## లోపల కూర్చున్నాక

ఎంతసేపు పడుతుంది? సాయంత్రం ఇంకో ప్లాన్ పెట్టుకోవచ్చా?

రెండున్నర, రెండు ముప్పావు గంటలు. 2023 నుంచి పిచర్ ఇన్ని సెకన్లలోపు బంతి వేసి తీరాలని గడియారం పెట్టారు, అంతకుముందు మూడు గంటలు దాటేది. అయితే డ్రా అన్నది ఉండదు, స్కోరు సమానమైతే తేలేదాకా ఆడతారు. అందుకని ఆరింటిలోపు ఏ టికెట్టూ కొనిపెట్టుకోవద్దు.

బంతి మన మీదికొస్తే?

వస్తుంది, మొదటి, మూడో బేస్‌ల వైపు ఇంకాను. వల కట్టి ఉంటుంది గానీ వల దాటి కూర్చున్నప్పుడు ఫోన్‌లో తల పెట్టకండి. దొరికితే మీదే, ఇంటికి పట్టుకుపోవచ్చు. క్రికెట్‌లో బంతి తిరిగిచ్చేసే మనకి ఇది నమ్మబుద్ధి కాదు.

పిల్లలకి విసుగేస్తే ఏం చూపించాలి?

మధ్యలో ఉన్న ఆకుపచ్చ స్కోరు బోర్డు. 1937 నాటిది, ఇప్పటికీ లోపల మనుషులు కూర్చుని అంకెల పలకలు చేత్తో మారుస్తారు. గళ్ళల్లోంచి ఒక్కోసారి చెయ్యి, ఒక్కోసారి మొహం కనిపిస్తుంది, మా పాప ఆటంతా వదిలేసి ఆ చెయ్యి కోసమే కాచుకుని కూర్చుంది. ఇప్పటిదాకా ఏ బ్యాటరూ బంతిని ఆ బోర్డుకి తగిలించలేకపోయాడు. ఇంకొకటి, బంతి గోడ మీద ఐవీ తీగల్లో ఇరుక్కుంటే ఫీల్డర్ చేతులు రెండూ పైకెత్తేస్తాడు, కొట్టినవాడికి రెండు బేస్‌లు ఇస్తారు. తొందరపడి వెతకడం మొదలుపెడితే మాత్రం ఆట నడుస్తున్నట్టే లెక్క.

మధ్యలో అందరూ ఎందుకు లేచి పాడతారు?

ఏడో ఇన్నింగ్స్ మధ్య విరామం. హ్యారీ కేరే అనే కామెంటేటర్ కిటికీలోంచి వంగి జనంతో పాడించేవాడు, 1998లో ఆయన పోయాక ఎవరో ఒక అతిథి పాడిస్తున్నారు. గొంతు బాగుండాలని రూలేమీ లేదు, లేచి నిలబడండి.

## అయిపోయాక

జనంలో రైలు ఎక్కడం కష్టమా?

అడిసన్ స్టేషన్ ముందు క్యూ వీధిలోకి వచ్చేస్తుంది. దక్షిణానికి అర మైలు నడిచి బెల్మాంట్ స్టేషన్‌లో ఎక్కండి, అక్కడ రెడ్‌తో పాటు బ్రౌన్ లైన్ కూడా ఆగుతుంది, బ్రౌన్ ఎక్కినా డౌన్‌టౌన్ చేరతారు. క్యాబ్ అయితే స్టేడియం ముందు అడిగారంటే రెట్టింపు చూపిస్తుంది, నాలుగు వీధులు నడిచి అప్పుడు బుక్ చేయండి.

గెలిస్తే తెల్ల జెండా ఎగరేస్తారా? అది ఓడిపోయినవాళ్ళ జెండా కాదూ?

మా నాన్న కూడా ఇదే అడిగారు. తెల్ల గుడ్డ మీద నీలం రంగు డబ్ల్యూ ఉంటే గెలిచినట్టు, నీలం గుడ్డ మీద తెల్ల ఎల్ ఉంటే ఓడినట్టు. స్కోరు బోర్డు పైన కడతారు. రైల్లో ఆఫీసు నుంచి ఇంటికెళ్ళేవాళ్ళు కిటికీలోంచి చూసి ఫలితం తెలుసుకునేవాళ్ళు. ఈ జట్టు 1908లో గెలిచాక మళ్ళీ 2016లోనే ప్రపంచ సిరీస్ (ఏడాది చివర లీగ్ విజేతని తేల్చే పోటీ) గెలిచింది, 108 ఏళ్ళు. తాత గెలుపు చూడకుండా పోయాడు, తండ్రీ చూడకుండా పోయాడు అనేవాళ్ళు ప్రతి వరసలో ఒకరుంటారు. అందుకని ఆఖరి అవుట్ పడగానే రైలు అందదేమోనని పరిగెత్తకండి, ఆ జెండా పైకి వెళ్ళేదాకా ఐదు నిమిషాలు కూర్చోండి. ఎలాగూ స్టేషన్ ఖాళీగా ఉండదు.